దేవునికి కట్టిన ఎర్రతాడు

పొద్దున ఎనిమిది దాటింది సారు. బయట ముసురు పట్టింది, నిన్నటి సంది తెరిపి లేదు. కింద వాచ్‌మన్ నన్ను చానసేపు నిలవెట్టిండు. ఏమైతవు, ఎందుకొచ్చినవు, పాసు ఏదీ అని. మీకు నేనేమైత? పక్క పొలపామెను అన్న. గట్లయితే సాయంత్రం రమ్మన్నడు. నా బిడ్డ గూడ ఈ దవాఖానల్నే పండుకున్నది, పైన అంతస్తుల, అంటే అప్పుడు ఇడిచిండు.

మీ ఆమె బయట కుర్చీల కూసున్నది. నన్ను చూసి లేవలే. వద్దని గూడ అనలే. తలుపు దిక్కు చూసింది, అంతే. గదే ఒప్పుకున్నట్టు అనుకొని లోపటికి వచ్చిన.

మాట్లాడకుండ్రి సారు. దవుడకు తీగెలు కట్టిన్రని నర్సు చెప్పింది. నెలన్నర దాక నోరు తెరవొద్దట గద. తల ఊపినా గుంజుతదట. ఊకె ఇనుండ్రి. ఇనబుద్ధి కాకపోతే చెయ్యి జర పైకెత్తుండ్రి, లేచి పోత.

ఎత్తలే. సరే.

మావోళ్లు పంపితే వచ్చిన. అబద్ధమెందుకు. నిన్న దీపాలు పెట్టే యాళ్లకు మా ఇంట్ల అందరు కూసున్నరు. మా ఆయన ప్రభాకర్, ఊరి పెద్దమనిషి అనంతయ్య, ఇంక నలుగురు. ఎస్సై ఇయ్యాల పదకొండు గంటలకు మీ దగ్గరికొచ్చి స్టేట్‌మెంట్ తీసుకుంటడట. నోరు లేకున్నా చెయ్యి బాగనే ఉన్నది, రాసిస్తడు అన్నడట. దవుడ ఎట్ల పలిగిందో మీరు రాస్తరు గద. దానికే మావోళ్ల ఫికర్.

పలగ్గొట్టింది మా ఎల్లేశు. నా కొడుకు.

బోటు అంచు తాకి పలిగిందని మీరు రాస్తే, నా బిడ్డ రమ కాలు గురించి మేము మీ మీద కేసు పెట్టమట. అట్ల రాయకపోతే, మీరు తాగి బోటు తోలిన్రని ఊరు ఊరంత చెప్తదట. చూసినోళ్లు చెప్తరు, చూడనోళ్లు గూడ చెప్తరు. ఇది అనంతయ్య మాట. ఆడమనిషి పోయి అడిగితే సారు కరుగుతడు, నీలవేణీ నువ్వే పో, అన్నది మా ఆయన మాట.

చెప్పిన. వాళ్లు చెప్పమన్నది మొత్తం చెప్పిన.

మొఖం గోడ దిక్కు తిప్పుకుంటిరి. తిప్పుకోండ్రి. మిగిలింది నేను గూడ మీ మొఖం చూసుకుంట చెప్పజాల.

మొన్న ఐతారం గూడ గిట్లనే సన్న తుంపర ఉండె. మీ ఫామ్‌హౌస్ గోడ దాటితే మా బంతితోట, తోట దాటితే గండిపేట నీళ్లు. అంత దగ్గర ఉండి గూడ మా ఇంట్ల ఎవ్వలం ఆ నీళ్లల్లకు మోకాలు దాటి దిగినోళ్లం కాదు. మీది కాలువల సీమ. మీకు ఈత వచ్చు. మీరు బోటు కొంటిరి. తోలొచ్చో లేదో, ఎవల పర్మిషన్ కావాలెనో నాకు తెల్వది. మీకు తెలిసే ఉంటది అనుకున్న.

రమకు సాఫ్ట్‌వేర్ కంపెనీల నౌకరి వచ్చిందని మీరే పిలిచిన్రు. ఇంటర్వ్యూకు ఎట్ల పోవాలె, ఏమడుగుతరు, మీ వరండల కూసోవెట్టి నెల రోజులు చెప్పింది మీరే గద. రెండు సంబరాలు ఒక్కనాడే చేద్దాం రండి అంటిరి. వచ్చినం.

కొత్త బండికి పూజ చెయ్యంది ఎక్కితే మా అత్తమ్మ ఒప్పుకోదు. ఆమె సంగతి మీకెరుకే. ట్రాక్టరుకు చేసినం, ఎల్లేశ్ ఆటోకు చేసినం, దీనికి చెయ్యమా? చక్రాల కింద నిమ్మకాయలు పెడుతం, దీనికి చక్రాలే లేవాయె, ఏడ పెట్టాలె అని అడిగింది. మీరు నవ్విన్రు. ఇంజను కింద రెక్కలున్నయి, వాటికి పెట్టండి మామ్మగారు అంటిరి. ఆ రెక్కలకు పసుపు రాసి బొట్టు పెట్టింది ఆమెనే.

దేవుని పటం నేను తెచ్చిన. చిల్కూరుల కొన్న వెంకటేశ్వరసామి పటం. స్టీరింగు ముంగట పెడితే గాలికి జారుతున్నది. ఏదన్న దారం ఉన్నదా అని చూసిన. తాళంచెవి పక్కపొంటి ఎర్రతాడు ఏలాడుతున్నది, టెలిఫోన్ వైరు లెక్క మెలికలు మెలికలుగ. ఎర్రగున్నది, దేవునికి మంచిదే అనుకున్న. బంతిపూల దండ మీదికెళ్లి తిప్పి, పటాన్ని కడ్డీకి కట్టి, ఊడకుంట గట్టిగ ముడేసిన.

ఎవలు చెప్పలే. నా చేతితోని నేనే ఏసిన.

గప్పుడు మీరు అందర్ని ఒడ్డు మీద నిలవెట్టి, బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పిన్రు. జాకెట్ బెల్టులు మీరే గుంజి గుంజి చూసిన్రు. అత్తమ్మకు చీర మీద జాకెట్ ఏస్తే ఆమె సిగ్గుపడి సచ్చింది, పెండ్లిపిల్ల లెక్క ముస్తాబు చేస్తున్నవేందిరా అని. బోటు నడుస్తుండంగ లేవొద్దన్నరు. చెయ్యి బయట పెట్టొద్దన్నరు. ఎవలన్న నీళ్లల్ల పడితే అన్నిటికన్న ముందు ఇంజను బంద్ చెయ్యాలెనన్నరు. ఆఖరుకు ఎర్రతాడు గురించి చెప్పిన్రు. దాని ఒక కొన ఇంజను మీటకు ఉంటది, ఇంకో కొన తోలేటోని జాకెట్‌కు తగిలించుకోవాలె. తోలేటోడు పడ్డడనుకో, తాడు గుంజుకపోతది, ఇంజను ఆగుతది. కుక్కకు కట్టినట్టున్నది సారు, అన్నడు మా ఎల్లేశు. అందరం నవ్వినం. మీరు గూడ నవ్విన్రు.

నవ్వుకుంటనే తాడు కోసం వంగిన్రు. చూస్తే అది దేవుని మెడల ఉన్నది.

మీరు ముడి మీద చెయ్యి ఏసిన్రు సారు. నేను చూసిన. ఏసి, ఆగిన్రు. అత్తమ్మ ఏమన్నది యాదికున్నదా?

“దేవుని మెడకెళ్లి తాడు ఇప్పుతవా బిడ్డా? ఒక్క చుట్టు తిరిగొచ్చినంక ఇప్పుకో.”

మీరు చెయ్యి తీసిన్రు. “సరే మామ్మగారూ, ఒక్క రౌండే గదా,” అన్నరు.

ముసలామె మాట తీసేస్తే బాగుండదనుకున్నరు. కొత్తగ పొత్తు కలుస్తున్నోళ్లం, దేవుని కాడ ఎందుకు అనుకున్నరు. నేనైనా గంతే అనుకుందును. ముడి ఇప్పుత అని నా నోటికి గూడ వచ్చింది, అత్తమ్మ మొఖం చూసి మింగిన.

బోటుల ఆరుగురం ఎక్కినం. మీరు, మీ బిడ్డ ఆద్య, నేను, అత్తమ్మ, రమ, ఎల్లేశు. మీ ఆమె, మీ కొడుకు విహాన్ రెండో చుట్టుకు ఎక్కుతమని ఒడ్డు మీదనే ఆగిన్రు. మీరు మెల్లగనే పోనిచ్చిన్రు. ఎవలేమన్నా నేను గిది చెప్త. మెల్లగనే పోనిచ్చిన్రు. తాగలే. పొద్దున పూట, దేవుని పటం ముంగట పెట్టుకొని ఎవలు తాగుతరు?

ఎల్లేశు మీ పక్కన కూసున్నడు. జర నాకియ్యి సారు, చిల్కూరు రోడ్డు మీద దినాం పది మందిని ఏసుకొని తోలుత నేను, అన్నడు. నీ ఆటో ఎక్కితెనే మాకు జాకెట్లు కావాలె అన్నది రమ. మీ ఆద్య పడి పడి నవ్వింది. వచ్చే వారం నేర్పిస్త, ఇప్పుడు వద్దు ఎల్లేశ్ అని మీరు రెండుసార్లు చెప్పిన్రు. వాన్ని చెల్లె ఎగతాళి చేసిందాయె. తోలేటోడు వద్దంటుండె. వాడు వంగి ఒక చేతితోని స్టీరింగు పట్టిండు, ఇంకో చేతితోని స్పీడు హ్యాండిల్ ముందలికి నూకిండు.

బోటు ముక్కు పైకి లేచింది. మీరు వాని చెయ్యి తియ్యనీకె లేచిన్రు. స్టీరింగు మొత్తం తిరిగింది.

మీరు ఎగిరి అవతల పడ్డరు. మీ ఎన్క రమ పడ్డది.

ఇంజను ఆగలే.

ఎల్లేశు కింద పడి ఉండె, వాని తలకాయ సీటు కిందికి పోయింది. అత్తమ్మ కడ్డీ పట్టుకొని అరుస్తున్నది. మీ ఆద్య జారి అంచుకు పోతుంటే నేను మీద పడి కొంగు కింద అదుముకున్న. మీ బిడ్డ నా కడుపు కింద. నా బిడ్డ నీళ్లల్ల. తోలేటోడు లేని బోటు అక్కడనే గుండ్రంగ తిరుగుతున్నది సారు, రాటకు కట్టిన ఎద్దు లెక్క. పడ్డోళ్ల సుట్టే తిరుగుతున్నది.

మొదటి చుట్టు రమ పక్కపొంటి పోయింది. బిడ్డ మొఖం కనబడ్డది. అమ్మా అని గూడ అనలే, ఇటు దిక్కే చూస్తున్నది. మీరు మునుగు మునుగు అని మొత్తుకుంటున్నరు. ఆమె మునగనీకె చూసింది. జాకెట్ మునగనియ్యలే. అది మంచిదే, ఈత రాని పిల్లను నీళ్ల మీద ఉంచింది. గని ఆ ఒక్కసారి ఉంచకుంటే అయిపోయేది గద.

నాకు తాడు యాదికొచ్చింది. లేచి పటాన్ని పట్టి గుంజిన. ఊడలే. పూలు తెగినయి, అద్దం పలిగి అరచేయి కోసింది, తాడు ఊడలే. నేనేసిన ముడే. పటం దిక్కు గుంజితే ముడి ఇంక బిగుసుకుంటున్నది. ఇంజను మీట కాడి కొన గుంజాలెనని తెలిసేటాళ్లకు రెండో చుట్టు తిరిగింది.

రెండో చుట్టు మీదికెళ్లి పోయింది.

కింద ఏదో పట్టుకున్నట్టు బోటు ఒక్క గుంజు గుంజింది. ఆ గుంజు నా అరికాళ్లకు తెలిసింది. ఆగుండ్రి. జర ఆగుండ్రి సారు.

తర్వాత కొన దొరికింది. గుంజిన. టక్కున ఇంజను బందయ్యింది. అంత అలకగ బందయ్యింది సారు, లైటు ఆర్పినట్టు. నీళ్లు ఎర్రగుండె. బంతిపూలు దాంట్ల తిరుగుతుండె.

మీరు ఈదుకుంట పోయి రమను పట్టుకున్నరు. ఎనుకకు పండవెట్టి మెడ కింద చెయ్యేసి ఒడ్డుకు గుంజుకపోయిన్రు. ఎల్లేశు లేచిండు, తెడ్డు తీసుకొని బోటును ఒడ్డు దిక్కు తోసిండు. నేను ఆద్యను మీ ఆమెకు అందిచ్చి, నీళ్లల్ల పడుకుంట లేచుకుంట వచ్చిన. అప్పటికే మీరు మీ చొక్క ఇప్పి రమ తొడకు కట్టి, రెండు చేతులు దాని మీద ఏసి, మోకాళ్ల మీద కూసొని ఒత్తుతున్నరు. మోకాలి కింద నేను చూడలే. చూసిన గని చూడలే.

తోటలకెళ్లి మందంత ఉరికొచ్చిన్రు. ఏమైంది ఏమైంది అంటున్నరు. ఎవలన్న ఒకరు చెప్పాలె గద. ఎల్లేశు చెప్పిండు. సారు తాడు కట్టుకోలే, అందుకే బోటు ఆగలే, నా చెల్లెను సంపిండు అన్నడు. స్టీరింగు మాట ఎత్తలే. చెప్పింది అబద్ధం గూడ కాదు చూడుండ్రి. మీరు తాడు కట్టుకోలే.

వాని చేతుల తెడ్డు అట్లనే ఉండె.

మొదటి దెబ్బ వీపుల ఏసిండు. మీరు ముందలికి వంగిన్రు. చేతులు తియ్యలే. రెండో దెబ్బ భుజం మీద. ఇంకెవడో ఎన్కకెళ్లి కాలుతోని తన్నిండు, ఎక్కడికెళ్లో వచ్చి మా నీళ్లల్ల ఆటలాడుతవా అనుకుంట. మీ ఆమె నడుమ పడితే ఆమె జుట్టు పట్టి పక్కకు నూకిన్రు. మీరు మొఖం లేపిన్రు. చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు గద సారు? ఎవలైనా పెట్టుకుంటరు. కుక్క గూడ తలకాయ తిప్పుకుంటది. మీ రెండు చేతులు నా బిడ్డ తొడ మీదనే ఉండె.

మూడోది దవుడ మీద ఏసిండు. ఎండిన తుమ్మకట్టె ఇరిగినట్టు సప్పుడయ్యింది.

నేను మీకు ఎదురుంగ కూసున్న. రమ తల నా ఒళ్లె ఉన్నది. నా కొడుకు చేతికందేటంత దూరంల ఉన్నడు. ఆపురా అని నేను అనలే సారు. ఆ మాట నాకు తోచనే లేదు. నేను వాన్ని చూడనే లేదు, మీ చేతుల్నే చూస్తున్న. నేను అన్నది మీతోని.

“చేతులు తియ్యకుండ్రి సారు.”

దవుడ ఏలబడ్డది. నోట్లకెళ్లి నెత్తురు కారుతున్నది. కండ్లు తేలేస్తున్నరు. ఒక మనిషిని సంపుతున్నరు, నేను ఆ మనిషితోనే మళ్ల మళ్ల అంటున్న, తియ్యకుండ్రి తియ్యకుండ్రి అని. మీరు ఇనపడ్డట్టు తల ఊపిన్రు. నాలుగో దెబ్బ పడ్డది. మీరు పక్కకు ఒరిగేటప్పుడు గూడ చేతులు ఇడవలే, నేను నా చేతులు మీ చేతుల కింద దోపినంకనే ఇడిచిన్రు.

అప్పుడు పడ్డరు. పడ్డంక గూడ ఇద్దరు తన్నిన్రు. మీ ఆమె మీ మీద పండుకుంటే ఆగిన్రు.

మీ కార్లనే మీ ఆమె తెచ్చింది ఇద్దర్ని. బాలత్రిపురసుందరి అని అంత పొడుగు పేరు నాకు నోరు తిరగదు, నేను బాలమ్మ అంట. ఆమె పెదవి పలిగి ఉండె, జుట్టు ఊడి ఉండె. వెనక సీట్ల మీరు, రమ, నడుమ నేను. మొయినాబాద్ దాటేదాక అద్దంలకెళ్లి మీ దిక్కే చూసింది. నా దిక్కు ఒక్కసారి చూసి, గట్టిగ ఒత్తు అన్నది. అంతే.

ఏంది సారు? నీళ్లు కావాల్నా? కాదా? కాలు దిక్కు చూపిస్తున్నరు. రమ కాలా?

తొడ కుట్టిన్రు. మోకాలి కింద ఏం మిగల్లే, తీసేసిన్రు. నిన్న పగటిపూట తెలివికొచ్చింది. ఇంక దుప్పటి ఎత్తి చూసుకోలే. నౌకరిల చేరే తారీఖు జరుపుతరా, సారును అడుగు అన్నది. సారు ఎట్లున్నడు అని గూడ అడిగింది. బాగున్నడు, ఇంటి కాడ ఉన్నడు అని చెప్పిన. ఏమని చెప్పాలె మరి, నువ్వు బతికినవు, దానికి మీ అన్న ఆయన దవుడ పలగ్గొట్టిండని చెప్పాల్నా? డాక్టరు అడిగిండు, మొదలు ఒత్తి పట్టుకున్నది ఎవరమ్మా అని. ఆ ఒత్తుడు లేకపోతే ఇక్కడి దాక వచ్చేది కాదు అన్నడు. నేను తెల్వనట్టు ఊకున్న. నా పక్కన మా ఆయన ఉండె.

ఏడ్వకుండ్రి. ముక్కు పట్టుకపోతే ఊపిరి ఆడదు మీకు. తుడవనా? తుడుస్త. మీకు చెల్లె అసొంటిదాన్ని, ఏం కాదు.

నిన్న అందరు మాట్లాడుకుంటుంటే ఎల్లేశు మూలకు కూసున్నడు. నేను ఎదురుంగ పోయి అడిగిన, స్టీరింగు ఎవలు తిప్పిన్రురా అని. వాడు తలకాయ ఎత్తలే. అనంతయ్య అందుకున్నడు, ఇప్పుడు ఆ ముచ్చట ఎందుకమ్మా, అయిందేదో అయిపాయె, ఉన్న పిల్లగాన్ని కాపాడుకోవాలె అన్నడు. మా ఆయన నన్ను పక్కకు తీసుకపోయి చేతులు పట్టుకున్నడు. ఒక పిల్లకు కాలు పాయె, ఇంకో పిల్లగాడు జైలుకు పోవాల్నా, తల్లివి నువ్వే చెప్పు అన్నడు.

బస్సుల వచ్చుకుంట మీకు ఎట్ల మొక్కాల్నో, ఏమని బతిమాలాల్నో అంత అనుకున్న. మీ కాళ్లు పట్టుకుందామనే వచ్చిన. ఈడికొచ్చి చూస్తే మీ చేతులు దుప్పటి మీద ఉన్నయి. గోర్లల్ల నెత్తురు ఇంక పోలే.

అడుగ సారు. నాతోని కాదు.

మీరు ఏం రాయాలెననుకుంటే గది రాయుండ్రి. పదకొండు దాక నేను ఈ స్టూలు మీదనే కూసుంట. ఎస్సై వస్తే నా నోటితోని నేను చెప్త. ముడేసింది నేను. ఇప్పొద్దన్నది మా అత్తమ్మ, ఇప్పకపోయింది మీరు. స్టీరింగు తిప్పింది ఎల్లేశు. తెడ్డుతోని కొట్టింది ఎల్లేశు. తన్నినోళ్ల పేర్లు గూడ చెప్త, అందరు మా వాడకట్టోళ్లే. మీరు తాగలే అని చెప్త. ఏమంటరు? అనేదేమున్నది, నోరు కట్టేసిన్రు గద మీకు. నాకు కట్టలే.

చెప్పినంక ఏమైతదో నాకు తెల్వది. మా ఆయన ఇంట్లకు రానిస్తడో లేదో. రానియ్యకపోతే పైన రమ కాడ జాగ ఉన్నది, మంచం కింద పండుకుంట.

రెండు దినాల సంది ఒక్కటే లెక్క ఏస్తున్న సారు. ఆరుగురం ఎక్కినం గద. మా అత్తమ్మ ఇల్లు చేరింది, గని జరం పట్టుకొని దేవునర్ర దిక్కు కాలు పెడ్తలేదు. మీ ఆద్య చేరింది, గీత గూడ పడలే, గని బకెట్ల నీళ్లు చూసినా ఏడుస్తదట. రమ చేరుతది, ఎప్పుడో, ఒక కాలుతోని. మీరు చేరుతరు, గొట్టంల జావ తాగుకుంట. నా సంగతి ఇప్పుడే చెప్తి.

ఎల్లేశు చేరిండు. పొద్దున బయలెల్లేటప్పుడు చూసిన, గొంగడి కప్పుకొని నిద్రపోతుండు, వొంటి మీద దెబ్బ లేదు. ఆరుగురిల మంచిగ ఇల్లు చేరినోడు వాడొక్కడే. పదకొండు కొట్టినంక వాన్ని గూడ లెక్కలకెళ్లి తీసెయ్యాలె.